అల్చి సుమ్‌ట్సెక్: కొండ మీద లేని గోంపా గురించి కొన్ని సందేహాలు

కృష్ణాతీరం రాసినది:

సభ్యులకు నమస్కారం. గత నెల లద్దాఖ్ వెళ్ళి వచ్చాను. లేహ్ నుంచి సింధునది వెంట పడమటికి సుమారు 65 కిలోమీటర్లు వెళ్ళి, సస్పోల్ సమీపంలో వంతెన దాటితే నదికి ఎడమ గట్టున అల్చి అనే చిన్న ఊరు వస్తుంది. అంతకు ముందు రెండు రోజులు ఠిక్సే, షే, బాస్గో చూసి ఉన్నందువల్ల, గోంపా (బౌద్ధ మఠం) అంటే కొండ కొమ్మును పట్టుకొని అంతస్తు మీద అంతస్తుగా లేచే తెల్లని కట్టడమన్న భావన నాలో స్థిరపడిపోయింది. అల్చిలో అటువంటిదేమీ లేదు. ఆప్రికాట్ చెట్ల మధ్య, చేల పక్కన, చదును నేల మీద కొన్ని మట్టి గోడల గుళ్ళు, వాటి చుట్టూ చోర్టెన్లు (స్తూపాలు) మాత్రమే ఉన్నాయి. లోపలికి అడుగు పెట్టేదాకా అక్కడ చూడవలసింది ఇంత ఉందని అనిపించదు.

వాటిలో సుమ్‌ట్సెక్ అనే మూడంతస్తుల గుడి నన్ను నిలువనీయలేదు. ద్వారం ఉన్న వైపు తప్ప మిగిలిన మూడు గోడలలోనూ లోతైన గూళ్ళున్నాయి. ఎడమ వైపు అవలోకితేశ్వరుడు, ఎదురుగా మైత్రేయుడు, కుడి వైపు మంజుశ్రీ అనే ముగ్గురు బోధిసత్వులు నిలుచున్నారు. ఒక్కొక్కటి నాలుగు మీటర్ల స్థాయి మట్టి విగ్రహం. విగ్రహాల తలలు పై అంతస్తు ఎత్తుకు చేరుకోవడం వల్ల, కింద నిలుచున్న నాకు ముందుగా కనిపించినవి ముఖాలు కావు, వారు కట్టిన పంచెలు. ఆ పంచెల నిండా వేలెడంత బొమ్మలు. గుళ్ళు, మేడలు, గుర్రాల మీద మనుషులు, కూర్చున్న యోగులు. మమ్మల్ని పై అంతస్తుకు పంపలేదు.

మాతో వచ్చిన మార్గదర్శి ఇదంతా రిన్‌చెన్ జాంగ్‌పో అనే మహానువాదకుడు కట్టించిన 108 ఆలయాలలో ఒకటని, వెయ్యేళ్ళ నాటిదని చెప్పాడు. అయితే నాకు ఆ చిత్రాలు టిబెట్ పద్ధతిలో కనిపించలేదు. కొయ్య స్తంభాలు కూడా మరెక్కడిదో పనితనంలా ఉన్నాయి. తెలిసినవారు ఇది ఎవరిదో, ఎప్పటిదో వివరించగలరా?

శాసనప్రియ రాసినది:

కృష్ణాతీరం గారూ, మీ మార్గదర్శి చెప్పినది ఆ ప్రాంతమంతటా వినిపించే మాటే. పశ్చిమ టిబెట్‌లోను, లద్దాఖ్‌లోను, స్పితిలోను ఏ పాత గుడి దగ్గర ఆగినా దానిని రిన్‌చెన్ జాంగ్‌పో (958-1055) ఖాతాలో వేస్తారు. మన దగ్గర ఊరూరా పాండవుల గుహలు ఉన్నట్టే అనుకోండి. కానీ అల్చి విషయంలో గోడ మీది రాతే వేరొక మాట చెబుతోంది. దుఖాంగ్, అంటే సమావేశ మందిరంలోని శాసనం ఆ గుడిని కట్టించినవాడు కల్దెన్ షెరబ్ అని పేర్కొంటుంది. సుమ్‌ట్సెక్‌ను కట్టించినవాడు సుల్‌ట్రిమ్ ఓ. ఇద్దరూ డ్రో అనే ఒకే వంశానికి చెందిన భిక్షువులు. కల్దెన్ షెరబ్ విద్యాభ్యాసం చేసిన న్యార్మా విహారం రిన్‌చెన్ జాంగ్‌పో స్థాపించినదే కనుక, మహానువాదకుడి పేరు అల్చికి ఏ దారిన చేరి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. శిష్యపరంపర అక్కడి నుంచి వచ్చింది. కాలక్రమంలో కట్టడం కూడా ఆయనదే అయిపోయింది.

ఇక కాలనిర్ణయం. సుమ్‌ట్సెక్ మూడో అంతస్తులో గురుపరంపర చిత్రం ఒకటి ఉంది. ఆదిబుద్ధుడైన వజ్రధరుడితో మొదలై తిలోపా, నారోపా, మార్పా, మిలరేపా, గంపోపా, ఫగ్మోద్రుపాల మీదుగా టిబెట్ బౌద్ధంలోని డ్రిగుంగ్ శాఖ స్థాపకుని దాకా అది సాగుతుంది. పేర్లు కూడా రాసి ఉన్నాయి. డ్రిగుంగ్ స్థాపకుడైన జిగ్‌తెన్ గోంపో కాలం 1143-1217. కనుక ఆ చిత్రం పన్నెండో శతాబ్దం చివరికి ముందు వేసినది కావడానికి వీలు లేదని, సుమ్‌ట్సెక్ పదమూడో శతాబ్దం తొలినాళ్ళ కట్టడమని జర్మన్ పండితుడు రోజర్ గోయెప్పర్ వాదించారు. దీనిని ఒప్పుకోనివారు కూడా ఉన్నారు. చిత్రశైలిని, శాసనాల భాషను పట్టి పదకొండో శతాబ్దానికే తీసుకువెళ్ళాలన్నది వారి పక్షం. నాకు మాత్రం పేర్లు రాసి ఉన్న గోడ ముందు శైలిని సాక్ష్యంగా నిలబెట్టడం బలహీనమైన వాదంగానే కనిపిస్తుంది. శైలి నూరేళ్ళు ఆలస్యంగా కూడా నడుస్తుంది. పుట్టని మనిషి పేరు గోడ మీదికి రాదు.

గోడబొమ్మ రాసినది:

కృష్ణాతీరం గారికి కలిగిన అనుమానం సరైనదే. అది టిబెట్ చేయి కాదు, కాశ్మీర్ చేయి. పశ్చిమ టిబెట్‌కు చెందిన యేషే ఓ అనే రాజభిక్షువు రిన్‌చెన్ జాంగ్‌పోను చదువు కోసం కాశ్మీర్‌కు పంపాడనీ, ఆయన తిరిగి వస్తూ 32 మంది కాశ్మీర శిల్పులను, చిత్రకారులను వెంటబెట్టుకొని వచ్చాడనీ ఆయన జీవితచరిత్ర చెబుతుంది. ఆ సంఖ్యను అక్షరాలా నమ్మినా నమ్మకపోయినా, పదకొండు నుంచి పదమూడో శతాబ్దం దాకా పడమటి హిమాలయ ఆలయాలకు పనివారు కాశ్మీర్ నుంచి వచ్చారన్న దానికి అల్చి కొయ్యపనే సాక్ష్యం. సుమ్‌ట్సెక్ ముందరి వసారాలో త్రికోణపు చట్రం, దాని లోపల మూడు రేకుల తోరణం, నిలువు గాడులు చెక్కిన స్తంభాలు చూసి ఉంటారు. ఇవే రూపాలు రాతిలో చూడాలంటే ఎనిమిదో శతాబ్దపు మార్తాండ సూర్యాలయానికి, తొమ్మిదో శతాబ్దపు అవంతిపురానికి వెళ్ళాలి. కాశ్మీర్ లోయలో రాతిగుళ్ళు శిథిలాలుగానైనా మిగిలాయి. కొయ్యగుళ్ళు, గోడచిత్రాలు అసలే మిగలలేదు. కాశ్మీర బౌద్ధ చిత్రకళ ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఈనాడు కాశ్మీర్ బయట, ఈ ఎడారి కొండల్లో వెతుక్కోవలసి వస్తోంది. ఒక దేశపు చిత్రకళ అంతా పొరుగింటి గోడ మీద దాచి ఉండటం నాకు ఎన్నిసార్లు తలచుకున్నా వింతగానే ఉంటుంది.

పంచెల గురించి కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది వాటిని అలంకారమనుకొని దాటిపోతారు. మూడు పంచెల మీద మూడు వేర్వేరు విషయాలున్నాయి. అవలోకితేశ్వరుడి పంచె మీద గుళ్ళు, రాజభవనాలు, వాటికి వచ్చిపోయే జనం ఉంటారు. అవి ఆనాటి కాశ్మీర్ పుణ్యక్షేత్రాలై ఉండవచ్చునని పండితుల ఊహ. మైత్రేయుడి పంచె మీద గుండ్రని చట్రాలలో బుద్ధుని జీవితఘట్టాలున్నాయి. రాబోయే బుద్ధుడి ఒంటి మీద వచ్చి వెళ్ళిన బుద్ధుడి కథ! మంజుశ్రీ పంచె మీద 84 మంది మహాసిద్ధులు, అంటే తాంత్రిక బౌద్ధ యోగులు, ఉన్నారు. గుడి పైకప్పు పలకల మీద కూడా బట్టల నమూనాలే చిత్రించారు. వస్త్రాన్ని ఇంత ప్రేమగా చూసిన చిత్రకారులను నేను మరెక్కడా చూడలేదు. మన కలంకారీ వారు ఒకసారి ఆ కప్పు కింద నిలబడి చూడవలసినది.

ఒక చిన్న సవరణ కూడా. వీటిని ఫ్రెస్కోలని రాసేవారు చాలామంది ఉన్నారు. ఫ్రెస్కో అంటే తడి సున్నపు పూత మీద రంగు వేసి, పూతతో పాటు ఆరనివ్వడం. ఇక్కడ జరిగినది అది కాదు. మట్టి పూత పూర్తిగా ఆరిన తరువాత దాని మీద తెల్లని పలుచని పొర వేసి, ఇంగిలీకం, హరిదళం వంటి ఖనిజాలను నూరి, జంతుచర్మం మరిగించి తీసిన బంకలో కలిపి పూశారు. ఈ తేడా పుస్తకాల తేడా కాదు. బంకతో పట్టుకున్న రంగు నీరు తగిలితే వదిలేస్తుంది.

మిద్దెటిల్లు రాసినది:

చివరి వాక్యం చదివాక నేను కలగజేసుకోక తప్పడం లేదు. నాకు చిత్రాల గురించి తెలిసినది తక్కువ. మాది అనంతపురం జిల్లా. మట్టి మిద్దె కింద పుట్టి పెరిగినవాడిని. నాలుగేళ్ళ క్రితం అల్చి వెళ్ళినప్పుడు అందరూ గోడలు చూస్తుంటే నేను కప్పు చూశాను. పాప్లర్ దూలాలు, వాటి మీద అడ్డంగా దగ్గర దగ్గరగా పేర్చిన విల్లో కొమ్మలు (వాటిని అక్కడ తాలు అంటారు), వాటి మీద గడ్డి, ఆపైన మట్టి. మా మిద్దెలకు దూలాలు, దంతెలు, కంప, చౌడు మన్ను ఎలాగో ఇదీ అలాగే. అక్కడ నీరు దిగకుండా వాడే మెత్తని బంకమట్టిని మర్కలక్ అంటారట. మా ఊళ్ళో వానలకు ముందు మిద్దె ఎక్కి కొత్త చౌడు చల్లడం ఏటేటా తప్పని పని. ఒక్క ఏడాది బద్ధకిస్తే ఆ ఏడాదే ఇంట్లో గిన్నెలు పరచుకోవాలి.

రెండు చోట్లా కప్పు చదునుగా ఉండటానికి కారణం వాన తక్కువ కావడమే. కాకపోతే మా జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడుతుంది, లేహ్‌లో పడేది 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అంటే ఆ మట్టి కప్పులు కట్టినవారు వానకు భయపడవలసిన అవసరం లేని లెక్కతో కట్టారు. మంచును పారతో తోసివేస్తే చాలు. ఇప్పుడు ఆ లెక్క తప్పుతోంది. 2010 ఆగస్టులో లేహ్ మీద కురిసిన కుంభవృష్టి అందరికీ గుర్తుండే ఉంటుంది. అంత పెద్దది కాకపోయినా, రెండు రోజులు ఆగకుండా పడే సన్నని వాన మట్టి కప్పుకు మరింత ప్రమాదం, ఎందుకంటే అది పైనుంచి జారిపోక లోపలికి ఇంకుతుంది. ఇంకిన నీరు గోడ వెంట మట్టిని కరిగించుకుంటూ చారలుగా దిగుతుంది. అల్చిలో అటువంటి చారలు చిత్రాల మీద నేను కళ్ళారా చూశాను. వాటిని చూసి వేరేవారు ఏమనుకున్నారో తెలియదు గానీ, నాకు మా అమ్మ మిద్దె మీద మన్ను చల్లించమని నాన్నను సతాయించడమే గుర్తుకు వచ్చింది.

కృష్ణాతీరం రాసినది:

ఇంత వివరంగా రాసినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. పంచెల మీద మూడు వేర్వేరు కథలున్నాయని అక్కడ ఒక్కరూ చెప్పలేదు. గైడు మమ్మల్ని పావుగంటలో బయటికి పంపి భోజనానికి తొందరపెట్టాడు. ఫోటోలు తీయనివ్వకపోవడం కూడా నాకు బాధ కలిగించింది. ఇంత చీకటిలో, ఇంత చిన్న బొమ్మలను, కెమెరా లేకుండా ఎలా చూడాలి? ప్రజల సొత్తును ప్రజలు ఫోటో తీసుకోకూడదనడం న్యాయమేనా?

సింధుగట్టు రాసినది:

నేను ఉద్యోగరీత్యా మూడేళ్ళుగా లేహ్‌లో ఉంటున్న తెలుగువాడిని. ఈ చర్చ చూసి సభ్యత్వం తీసుకున్నాను. ఫోటోల విషయంలో మీ బాధ అర్థమవుతుంది కానీ, ఆ గుడి లోపలి కొలతలు ఒకసారి గుర్తు చేసుకోండి. నాలుగు స్తంభాల మధ్య మన వంటింటి కంటే కొంచెం పెద్ద జాగా. వేసవిలో రోజుకు వచ్చే జనంలో ప్రతి ఒక్కరూ ఫోటో కోసం రెండు నిమిషాలు ఎక్కువ నిలబడినా, వెనక్కి జరిగే వీపులు, భుజాన సంచులు గోడలకు తగలక మానవు. అంతమంది ఊపిరితో గదిలో పెరిగే తేమ వేరు. బంకతో అతికిన రంగుకు ఆ తేమ కూడా వాన వంటిదే.

నేను గమనించిన మరొక సంగతి. అల్చి ఇంత చక్కగా మిగలడానికి కారణం అక్కడ మఠజీవితం కొన్ని శతాబ్దాల క్రితమే ఆగిపోవడం. నిత్యపూజలు జరిగే గోంపాలలో వెన్నదీపాల మసి గోడలను నల్లబరుస్తుంది. నల్లబడిన గోడకు భక్తులు కొత్త రంగులు వేయిస్తారు. పుణ్యం వస్తుంది, పాత చిత్రం పోతుంది. అల్చిని ఇప్పుడు లికిర్ గోంపా భిక్షువులు చూసుకుంటున్నారు, పురావస్తు శాఖ రక్షణ కూడా ఉంది. కానీ మధ్యలో ఎవరూ పట్టించుకోకపోవడమే దానికి మేలు చేసిందని నా అభిప్రాయం.

శాసనప్రియ రాసినది:

సింధుగట్టు గారికి స్వాగతం. తేమ గురించి మీరు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తాను. చివరి మాటతో మాత్రం ఏకీభవించలేను. సుమ్‌ట్సెక్‌లోనే మరొక శాసనం ఉంది. పదహారో శతాబ్దంలో లద్దాఖ్ రాజు తాషి నామ్‌గ్యాల్ కాలంలో గుడికి మరమ్మత్తులు జరిగాయని అది చెబుతుంది. అప్పుడు విగ్రహాలకు, కొన్ని చిత్రభాగాలకు మళ్ళీ రంగులు వేశారు. జాగ్రత్తగా చూస్తే ఆ చేయి మొదటి చేయి కంటే మోటుగా ఉంటుంది కూడా. కనుక ఎవరూ పట్టించుకోలేదనడం సరికాదు. అన్నిటికీ మించి మిద్దెటిల్లు గారు వర్ణించిన కప్పు ఉంది. అది ఎనిమిది వందల ఏళ్ళు తనంతట తాను నిలిచి ఉంటుందా? ఏటేటా ఎవరో ఒకరు ఎక్కి మంచు తోసి, మన్ను వేసి, కుళ్ళిన కొమ్మలు మార్చి ఉండాలి. ఆ పేర్లు ఏ శాసనంలోనూ ఉండవు.

మిద్దెటిల్లు రాసినది:

శాసనప్రియ గారి మాటకు నా ఓటు. పట్టించుకోని మట్టి మిద్దె పదేళ్ళు కూడా నిలవదు.

సింధుగట్టు రాసినది:

అంగీకరిస్తున్నాను. పూజ ఆగింది గానీ మన్ను వేయడం ఆగలేదు అని నా మాటను సవరించుకుంటాను.

ధాన్యకటకం రాసినది:

ఆలస్యంగా వచ్చాను, మన్నించాలి. అల్చి నుంచి కొంచెం పక్కకు, అదే పరంపరలోని మరొక గుడికి తీసుకువెళ్ళాలని ఉంది, ఎందుకంటే అక్కడ మన ప్రాంతం ప్రసక్తి వచ్చే అవకాశం ఉంది. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో తాబో విహారం 996లో యేషే ఓ ఆధ్వర్యంలో స్థాపితమైంది. సరిగ్గా 46 ఏళ్ళ తరువాత, 1042లో, అదే రాజవంశానికి చెందిన జాంగ్‌చుబ్ ఓ దానిని పునరుద్ధరించాడని గోడ మీది శాసనమే చెబుతుంది. అక్కడి ప్రధానాలయం గోడల మీద, విగ్రహాల కింది వరుసలో, గండవ్యూహ సూత్రం అనే మహాయాన గ్రంథంలోని సుధనుడి యాత్ర బొమ్మల కథగా నడుస్తుంది. తూర్పు ద్వారం గుండా ప్రవేశించి ఎడమకు తిరిగితే మొదట సుధనుడు. ప్రదక్షిణంగా ముందుకు సాగి రెండో సగానికి వస్తే బుద్ధుని జీవితకథ. బొమ్మల పక్కనే టిబెట్ భాషలో పాఠం కూడా రాశారు. చదువుకుంటూ నడవవలసిన గోడ అది.

ఆ సూత్రంలో సుధనుడు దక్షిణాపథంలోని ధన్యాకరం అనే నగరంలో ఒక శ్రేష్ఠి కొడుకు. మంజుశ్రీ ఆ నగరం దగ్గరి చైత్యానికి వచ్చి అతనిని గురువుల అన్వేషణకు పంపుతాడు. ఆ ధన్యాకరమే మన ధాన్యకటకం, అంటే అమరావతి అని కొందరు పండితులు భావించారు. అదే నిజమైతే, కృష్ణ ఒడ్డున బయలుదేరిన కుర్రవాడు మూడు వేల మీటర్ల ఎత్తున మట్టి గోడ మీద ఇప్పటికీ నడుస్తున్నాడన్నమాట. ఇక కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు ధాన్యకటక స్తూపం దగ్గరే ఉపదేశించాడని టిబెటన్ల విశ్వాసం. దలైలామా తాబోలో 1983లోను, 1996లోను కాలచక్ర దీక్ష ఇచ్చారు. 2006 జనవరిలో అమరావతిలో ఇచ్చారు. ఆ పది రోజులూ మా ఊరి హోటళ్ళలో లద్దాఖ్, స్పితి వాళ్ళు ఇడ్లీలు తింటూ కనిపించేవారు. అప్పుడు నాకు స్పితి ఎక్కడుందో కూడా తెలియదు.

గోడబొమ్మ రాసినది:

ధాన్యకటకం గారూ, ధన్యాకరం, ధాన్యకటకం ఒకటేనన్నది ఊహగానే ఉంచుదాం. పేర్లు దగ్గరగా ఉన్నాయి, దక్షిణాపథం అని ఉంది, అంతవరకే. ఇంకొక జాగ్రత్త: మంజుశ్రీ పంచె మీది 84 మంది సిద్ధుల సంప్రదాయంలో నాగార్జునుడి పేరూ ఉంటుంది కనుక ఎవరైనా వెంటనే నాగార్జునకొండకు దారి వేస్తారేమో. ఆ సిద్ధుడు, మాధ్యమిక తత్త్వవేత్త ఒకరే అన్నది సంప్రదాయపు మాట. చరిత్రకారులు వేర్వేరుగానే చూస్తారు. అమరావతి సున్నపురాతి శిల్పానికీ అల్చి మట్టి శిల్పానికీ శైలిలో చుట్టరికం నాకైతే కనిపించలేదు.

తాబో ప్రస్తావన వచ్చింది కనుక కట్టడం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ చర్చలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది అదే. తాబోలో మందిరం నడుమ నాలుగు దిక్కులకూ ముఖం పెట్టిన వైరోచన బుద్ధుడు ఉంటాడు. చుట్టూ గోడలకు, మన తల కంటే ఎత్తులో, 32 మట్టి విగ్రహాలు బిగించి ఉంటాయి. నలుగురు బుద్ధులు, పదహారు మంది బోధిసత్వులు, ఎనిమిది మంది పూజాదేవతలు, నలుగురు ద్వారపాలకులు. ఇది వజ్రధాతు మండలం, అంటే నడుమ వైరోచనుడు, చుట్టూ ఆయన పరివారం ఉండే దేవతల కొలువు. మామూలుగా బట్ట మీదనో నేల మీద రంగుపొడితోనో గీసే మండలాన్ని ఇక్కడ గదిగా కట్టారు. చూసేవాడు మండలానికి ఎదురుగా నిలబడడు, దాని లోపల నిలబడతాడు. అల్చి దుఖాంగ్‌లో మండలాలు మళ్ళీ గోడ మీది చిత్రాలుగా మారాయి. సుమ్‌ట్సెక్‌కు వచ్చేసరికి విగ్రహమే పై అంతస్తులోకి పెరిగింది. కృష్ణాతీరం గారు ముఖాలు కనిపించలేదని రాశారు; కట్టినవారి ఉద్దేశం అదే అయి ఉంటుందని నాకనిపిస్తుంది. కింద ఉన్నవాడికి పంచె మీది లోకం, పైకి ఎక్కగలిగినవాడికి ముఖం, మూడో అంతస్తులో మండలాలు, గురుపరంపర.

1975 జనవరిలో కిన్నౌర్ భూకంపానికి తాబో గోడలు బీటలు వారినా ఆ విగ్రహాలు నిలిచాయి. మట్టికి ఉన్న కొద్దిపాటి ఒదుగుదల, గోడలోకి దిగవేసిన కొయ్య మేకుల ఆధారం రెండూ అందుకు పనికివచ్చి ఉంటాయి.

మిద్దెటిల్లు రాసినది:

ఒక సందేహం మిగిలిపోయింది. అల్చి, తాబో రెండూ చదును నేల మీద ఉన్నాయి. మరి ఠిక్సే వంటివి కొండెక్కడం ఎప్పుడు మొదలైంది?

శాసనప్రియ రాసినది:

స్థూలంగా చెప్పాలంటే పదిహేనో శతాబ్దం నుంచి. ఠిక్సే ఆ కాలానిదే. తొలి ఆలయాలు రాజుల, ప్రభువంశాల అండతో ఊరి మధ్య వెలిశాయి. తరువాతి కాలంలో మఠం వందలాది భిక్షువులుండే సంస్థ అయింది. దానికి భూములు, ధాన్యపు కొట్లు, శత్రువులు ఏర్పడ్డారు. ఎత్తు మీద ఉంటే రక్షణ, ఠీవి రెండూ దక్కుతాయి. నీరు పారే కొద్దిపాటి నేలను సాగుకు వదిలేయవచ్చు కూడా. ఠిక్సేలో సుమారు పదిహేను మీటర్ల మైత్రేయుడిని చూసి ఉంటారు. అది 1970లో దలైలామా వచ్చిన జ్ఞాపకార్థం చేయించినది. మట్టితో పెద్ద మైత్రేయుడిని రెండంతస్తుల మీదుగా నిలబెట్టే అలవాటు అక్కడ ఇప్పటికీ పోలేదు.

కృష్ణాతీరం రాసినది:

వచ్చే సెప్టెంబరులో మళ్ళీ వెళ్ళాలని నిర్ణయించుకున్నాను. ఈసారి గైడు లేకుండా, అల్చిలోనే రెండు రాత్రులు బస చేసి చూస్తాను. సింధుగట్టు గారూ, చేతిదీపం తీసుకువెళ్ళవచ్చునా?

సింధుగట్టు రాసినది:

నేను వెళ్ళినప్పుడల్లా చిన్న టార్చి వాడాను, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అయినా తాళం తీసే భిక్షువును ఒక మాట అడగండి. ఉదయం గుడి తెరవగానే వెళ్ళండి. టూరిస్టు బండ్లు లేహ్ నుంచి వచ్చేసరికి పదకొండవుతుంది. లోపలికి వెళ్ళాక వెంటనే దీపం వేయకుండా పది నిమిషాలు ఊరికే నిలబడితే, పైనుంచి దిగే వెలుతురుకే పంచెల మీది బొమ్మలు ఒక్కొక్కటిగా తేలుతాయి. ఎడమ వైపు అవలోకితేశ్వరుడి దగ్గర మొదలుపెట్టండి. ఆయన గూటి పక్కనే గోడ మీద ఆకుపచ్చని దేవత ఉంటుంది. కొందరు తార అంటారు, కొందరు ప్రజ్ఞాపారమిత అంటారు. పోయినసారి ఆమెను చూశారా?

కృష్ణాతీరం రాసినది:

చూడలేదు.